అదనపు ఆదాయం గారికి విశాఖపట్నం నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ అదనపు ఆదాయం గారి దివ్యసముఖానికి,

మద్దిలపాలెం నుంచి ఒక నెలజీతగాడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమసమాచారాలు షేర్ మార్కెట్ నడిచినంతసేపూ, ఉదయం తొమ్మిదింబావు నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా ఫోనులో తెలుస్తూనే ఉన్నాయి.

మీరు వస్తున్నారని ఊరంతా చెప్పుకుంటోంది. ఖర్చులకు జీతం, సరదాలకు మీరు. ఒప్పందం అదే. మీరు దయచేస్తే శనాదివారాల్లో అరకు, లంబసింగి, వంజంగి మేఘాలు. దయచేయకపోతే వారం బట్టలు ఉతుక్కుని, ఇస్త్రీకి వేసుకుని, సోమవారం కోసం కూర్చోవడం. ఇందులో మాకు అభ్యంతరం లేదు. కాకపోతే మీ రాకకు చేయవలసిన ఏర్పాట్లకే మా శనాదివారాలు సరిపోతున్నాయి. అందుకే ఈ ఉత్తరం.

జీతం ఇంటి మనిషి. ఒకటో తేదీన వస్తుంది, పదో తేదీకి చెప్పకుండా వెళ్లిపోతుంది, దాని గురించి ఎవరూ గొప్పలు చెప్పుకోరు. మీరు కొత్త అల్లుడు. ఎప్పుడు వస్తారో చెప్పరు, ఎన్నాళ్లుంటారో చెప్పరు, రాకముందే లాంఛనాలన్నీ సిద్ధంగా ఉండాలి: షేర్లు దాచుకునే డీమ్యాట్ ఖాతా, దానికి ఏటా రుసుము, సలహాలిచ్చే గుంపుకు చందా, పాత ఫోనులో చార్టు సరిగా కనిపించదని కొత్త ఫోను. అలకపాన్పు ఎక్కడంలోనూ మీది అందె వేసిన చేయి. 2020 మార్చి 23న ఎక్కారు చూడండి, ఒక్క రోజులో సెన్సెక్స్ 3,934 పాయింట్లు, అంటే పదమూడు శాతం పైగా పడింది. ఏమిచ్చి దింపాలో అత్తవారికి పాలుపోలేదు.

ఆ మధ్య బీచ్ రోడ్డులో ఒక పెద్ద హోటల్లో మీ పేరు మీద సదస్సు జరిగింది. ఆదివారం పొద్దున్నే. ప్రవేశం ఉచితం, టీ ఉచితం, సమోసా కూడా ఉచితం. ఆ హాలు కిటికీ తెరిస్తే ఎదురుగా బంగాళాఖాతం. కానీ ప్రొజెక్టర్ బొమ్మ సరిగా పడదని కర్టెన్లన్నీ మూసేశారు. చీకట్లో అంతమందిమీ సర్దుకుని కూర్చున్నాక మొదటి బొమ్మ పడింది. సముద్రతీరం, వంగిన కొబ్బరిచెట్టు, పడక కుర్చీ, అందులో ఒకాయన, ఆయన ఒళ్లో ల్యాప్‌టాప్. ‘మీకు ఇలాంటి జీవితం కావాలా, వద్దా?’ అని కోటు వేసుకున్న కుర్రవాడు గట్టిగా అడిగాడు. కావాలని మేమంతా ఇంకా గట్టిగా అరిచాం. కర్టెన్ల అవతల అసలు సముద్రం కూడా ఏదో అంది గాని, మైకు హోరులో వినపడలేదు.

న్యాయంగా చెప్పాలంటే ఆ కుర్రవాడి లెక్కలో తప్పు లేదు. మ్యూచువల్ ఫండ్‌లో నెలకు 5,000 చొప్పున సిప్ అనే వాయిదా కట్టి, ఏడాదికి 12 శాతం పెరుగుతుందనుకుంటే పదేళ్లకు పదకొండున్నర లక్షలు దాటుతుంది. కట్టింది ఆరు లక్షలు. ఆ 12 శాతం ఎవరు రాసిచ్చారని అడగకూడదు. అది మర్యాద కాదు. అయితే, పదేళ్లు ఓపిక పట్టగలవాడు ఆదివారం పొద్దున్నే లేచి సదస్సుకు ఎందుకు వస్తాడు? ఈ సంగతి వక్తకు బాగా తెలుసు. అందుకే సిప్‌ను అయిదు నిమిషాల్లో ముగించి, ధర పైకా కిందికా అని పందెం కాసే ఆప్షన్స్‌లోకి దిగాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు శిక్షణ తరగతి ఫీజు చెప్పాడు. ఈ రోజే కడితే సగం తగ్గింపు అన్నాడు. వరుస కట్టారు. నిజానికి ఆ రోజు ఆ హాల్లో మిమ్మల్ని కళ్లారా చూసినవాడు ఆయనొక్కడే. మా వాళ్ల ఫీజుల రూపంలో మీరు ఆయన దగ్గరికి ఆదివారం ఆదివారం తప్పకుండా వెళ్లి వస్తున్నారు. ఆయన పట్ల మీకున్న నిలకడ మా పట్ల ఎందుకు లేదు?

ఆప్షన్స్ మాట వచ్చింది కాబట్టి, మార్కెట్ల మీద అజమాయిషీ చేసే సెబీ వారు 2024 సెప్టెంబరులో మీ గురించి రాసింది మీ దృష్టికి తెస్తాను. 2021-22 నుంచి మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన వ్యక్తులు కోటికి పైగా. వాళ్లలో 93 శాతం మంది నష్టపోయారు. ఖర్చులతో కలిపి మనిషికి సగటున రెండు లక్షల వరకు. అందరిదీ పోగేస్తే 1.8 లక్షల కోట్లు దాటింది. ఏటేటా నష్టం వస్తున్నా మానకుండా కొనసాగినవాళ్లు అందులో నాలుగింట మూడు వంతులకు పైనే ఉన్నారు. ఇంత జరిగాక కూడా ఆదాయపన్ను శాఖ దృష్టిలో వీళ్లది ‘వ్యాపారం’. వ్యాపారులు నింపే పన్ను పత్రం ఐటీఆర్-3 నింపాలి. వంశంలో ఎవరూ వ్యాపారం చేయలేదని బాధపడే తాతగారికి ఇంతకన్నా తృప్తి ఏముంటుంది?

దీనికి తోడు 2025 సెప్టెంబరు నుంచి యాభై పెద్ద కంపెనీల సూచీ నిఫ్టీ మీద వారం వారం పందెం తేలే ఎక్స్‌పైరీని గురువారం నుంచి మంగళవారానికి మార్చారు. మా ఇళ్లలో మంగళవారం చేతిలోంచి రూపాయి బయటికి ఇవ్వం. చక్కెర అడిగిన పక్కింటావిడను కూడా రేపు రమ్మంటాం. అలాంటి ఇంట్లో పెరిగినవాడు అదే మంగళవారం మూడున్నర లోపు నలభై వేలు ముంబైకి సమర్పించుకుని, అత్తగారు చూడకుండా ముఖం కడుక్కుని వస్తున్నాడు.

మా పై అంతస్తు ఆయన సంగతి కూడా చెప్పాలి. మీ పుణ్యమా అని ఒక నెల ఆయనకు కాస్త మిగిలింది. శుక్రవారం సెలవు పెట్టి, కుటుంబాన్ని అద్దాల రైలు పెట్టెలో అరకు తీసుకెళ్లాడు. పనిలో పనిగా మమ్మల్నీ రమ్మన్నాడు. 2017లో ఆ పెట్టె వచ్చినప్పటి నుంచి దానిలో ఎక్కాలని వాళ్లావిడ కోరిక. శృంగవరపుకోట, బొడ్డవర దాటాక అసలు ఘాట్ మొదలవుతుంది. ఆ రోజు రైలు ఆలస్యమై, అది సరిగ్గా మార్కెట్ తెరిచే వేళైంది. కొత్తవలస-కిరండూల్ మార్గంలో 58 సొరంగాలున్నాయని పిల్లలు లెక్కపెడుతుంటే ఆయన సిగ్నల్ గీతలు లెక్కపెడుతున్నాడు. శివలింగపురం దగ్గర లాభంలో ఉన్నాడు. సొరంగంలో ఫోను మూగబోయింది. టైడా వచ్చేసరికి నష్టంలో తేలాడు. చుట్టూ అద్దాలే, నెత్తి మీద కూడా అద్దమే, ఎటు చూసినా తూర్పు కనుమలు. ఆయన చూపు మాత్రం ఆరు అంగుళాల అద్దం దాటలేదు. బొర్రా దగ్గర వాళ్లావిడ ‘ఇక్కడ దిగిపోదామండీ’ అంది. ‘ఇంకొంచెం ఆగు, పైకి వెళ్తుంది’ అన్నాడాయన. రైలు ఆయన మాట నిలబెట్టింది. దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న సిమిలిగూడ దాకా పైకే వెళ్లింది.

మర్నాడు శనివారం. మార్కెట్‌కు సెలవు. కాఫీ తోటల్లో ఆయన ముఖం కాస్త తేటపడింది గాని, సాయంత్రానికి మళ్లీ సోమవారం గుజరాత్ గిఫ్ట్ సిటీలో నడిచే గిఫ్ట్ నిఫ్టీ ఎలా తెరుచుకుంటుందోనన్న దిగులు పట్టుకుంది. అది పొద్దున ఆరున్నరకే మొదలై, మధ్యలో కాస్త ఆగి, అర్ధరాత్రి దాటాక 2.45 దాకా నడుస్తుంది. ‘మీరు నిద్రపోతున్నా సంపాదించండి’ అని మీ ప్రకటనల్లో రాస్తారు. నిద్ర సంగతి ముందు తేల్చండి, సంపాదన తర్వాత చూద్దాం. ఉన్న శనివారమైనా మిగిలిందా అంటే, 2025 ఫిబ్రవరి 1న బడ్జెట్ పేరు చెప్పి శనివారం కూడా దుకాణం తెరిచారు.

ఇక అసలు లెక్క. నలుగురం అరకు వెళ్లి ఒక రాత్రి ఉండి, బొంగులో చికెన్ తిని, గిరిజన మ్యూజియం చూసి వస్తే, ఎంత చేయి బిగించినా పదివేలు. నెలకొకసారి వెళ్లాలంటే ఏడాదికి లక్షా ఇరవై వేలు. బ్యాంకు డిపాజిట్ మీద 7 శాతం వడ్డీతో మీరు రావాలంటే అసలు 17 లక్షల పైచిలుకు ఉండాలి, అదీ పన్ను తీయకముందు. డివిడెండ్ల దారిలో రావాలంటే? నిఫ్టీ కంపెనీలు సగటున ఏడాదికి ఒకటింబావు శాతం చొప్పున పంచుతాయనుకుంటే 96 లక్షలు. కోటికి నాలుగు లక్షలు తక్కువ. అంత సొమ్ము ఉన్నవాడు బొంగులో చికెన్ కోసం డివిడెండు దాకా ఆగుతాడా, మీరే చెప్పండి.

మీ వంశంలోనే ఒక బీద బంధువు ఉన్నాడు, పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకం. తొమ్మిది లక్షలు వేస్తే, 7.4 శాతం వడ్డీ లెక్కన నెలకు 5,550 రూపాయలు, అయిదేళ్లపాటు తేదీ తప్పకుండా. కానీ ఆయన పేరు మీద బీచ్ రోడ్డులో సదస్సులు జరగవు. కోటు లేదు, కొబ్బరిచెట్టు లేదు, ఫీజు అసలే లేదు. కౌంటరు దగ్గర జిగురు సీసా, దారం కట్టిన పెన్ను ఉంటాయి.

స్టాక్ మార్కెట్ అంటే భయపడేవాళ్లకు మీరు భూమి రూపంలో కనిపిస్తారు. ఇది మాత్రం మా ఊళ్లో కన్నుల పండుగ. శనివారం పొద్దున్నే వెంచర్ వారి కారు ఇంటి ముందుకు వస్తుంది. ఆనందపురం, సబ్బవరం, అచ్యుతాపురం, అన్నిటికన్నా ఎక్కువగా భోగాపురం. ఆ విమానాశ్రయానికి 2019లో ఒకసారి, 2023లో మరోసారి శంకుస్థాపన జరిగింది. చుట్టుపక్కల గజం ధర మాత్రం మొదటి రాయికే గాల్లోకి లేచింది. కారులో ఏసీ, దారిలో టిఫిన్, సైటులో షామియానా కింద బిర్యానీ. పిల్లలు సరిహద్దు రాళ్ల మధ్య క్రికెట్ ఆడుకుంటారు. పెద్దవాళ్లు ఈశాన్యం ఎటుందో చూసుకుంటారు. వీఎంఆర్‌డీఏ అనుమతి ఉందా, రెరా నంబరు ఏది, ఈసీ ఎన్నేళ్లకు తీశారు, లింకు దస్తావేజులు చూపించండి అని అడుగుతున్నంతసేపూ మనకు మర్యాద నడుస్తుంది. ఏమీ కొనక్కర్లేదు. సాయంత్రానికి ఇంటి దగ్గర దింపుతారు. పెట్టుబడీ వారాంతపు విహారమూ ఒకే కారులో కుదిరిన ఏర్పాటు నేను చూసినంతలో ఇదొక్కటే.

వీళ్లలో కొందరు అరకులో కాటేజీ స్థలం ఇప్పిస్తామంటారు. నెలకు ఇంత అద్దె, పైగా ఎప్పుడంటే అప్పుడు మీరే వెళ్లి ఉండవచ్చు అంటారు. అక్కడ 1/70 చట్టం ఉందన్న సంగతి మాత్రం బిర్యానీ అయ్యాక కూడా చెప్పరు. ఏజెన్సీ ప్రాంతంలో భూమి గిరిజనేతరుడి చేతికి వెళ్లడానికి వీల్లేదు, అమ్మేవాడు గిరిజనేతరుడైనా సరే. స్టాంపు కాగితం మీద ఎంత అందంగా ఒప్పందం రాసుకున్నా, అది పెట్టెలో దాచుకోవడానికే పనికొస్తుంది. ఆ కొండలు ఎవరివో వాళ్లకే ఉండాలని చేసిన చట్టం అది. మీ వారాంతం కోసం దాన్ని సడలించమనడం నాకైతే సబబుగా తోచదు.

మీ మీద ఇన్ని ఫిర్యాదులు చేశాను గాని, మా ఇంటికి అదనపు ఆదాయం అసలు రాలేదని చెబితే అబద్ధమవుతుంది. వచ్చింది. 2025 ఆగస్టు 15న, ఆర్టీసీ బస్సులో, మా ఆవిడ ఆధార్ కార్డు చూపించినప్పుడు. స్త్రీలకు ఉచిత ప్రయాణం మొదలైనప్పటి నుంచి ఆవిడా, మా వదినగారూ, కింద వాటా పిన్నిగారూ కలిసి సున్నా టికెట్టుతో భీమిలి వెళ్తున్నారు, సింహాచలం వెళ్తున్నారు, మొన్న అనకాపల్లి దాకా వెళ్లి బొజ్జన్నకొండ మెట్లు కూడా ఎక్కి వచ్చారు. చార్టు లేదు, లాగిన్ లేదు, ఐటీఆర్-3 లేదు. తిరిగి వచ్చాక మిగిలిన డబ్బు లెక్క చెప్పమంటే, ‘ఖర్చయితే కదా మిగలడానికి’ అంటుంది. ఆ ముగ్గురి వెంట వెళ్తే టికెట్టు కొనాల్సినవాణ్ణి నేనొక్కణ్ణే.

కాబట్టి నా విన్నపం ఇది. మీరు రాదలచుకుంటే తప్పకుండా రండి, ఇల్లు మీదే. కాకపోతే మేళతాళాలు, కోటు కుర్రవాడు వద్దు. పోస్టాఫీసు బంధువును అడిగి ఆయన వచ్చిన దారినే రండి, ఆలస్యమైనా ఫరవాలేదు. మంగళవారం మాత్రం వద్దు.

ఇట్లు,
తమ రాకకై ఎదురుచూస్తున్న
ఒక నెలజీతగాడు,
మద్దిలపాలెం, విశాఖపట్నం.

తా.క. ఈ శనివారం సబ్బవరం వెంచర్ వారి కారు వస్తోంది. ఈసారి మటన్ అంటున్నారు. మీ రాక ఆదివారానికి మార్చుకోగలరు.