మూలికల పేరుతో ఏం మింగిస్తున్నారు?

ఫోన్ తెరిస్తే చాలు, మగతనం పెంచే మూలికా మాత్రల ప్రకటన. "నూరు శాతం సహజం, సైడ్ ఎఫెక్టులు ఉండవు" అని పెద్ద అక్షరాలు. చూసిన ప్రతిసారీ ఒళ్లు మండుతుంది.

ఇలాంటి మాత్రల్లో గుట్టుగా సిల్డెనాఫిల్ కలుపుతున్నారని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరీక్షల్లో ఎన్నోసార్లు బయటపడింది. వయాగ్రాలో ఉండే మందు అదే. 1998లో అనుమతి వచ్చిన ఆ మందును డాక్టర్లు గుండె సంగతి అడిగి, మోతాదు చూసి రాస్తారు. డబ్బా మీద దాని పేరే లేకపోతే మింగేవాడికి ఎలా తెలుస్తుంది? గుండెనొప్పికి నైట్రేట్లు వాడే మనిషి వేసుకుంటే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అసలైన మూలికలూ అన్నీ మంచివేం కాదు. ఇలాంటి మాత్రల్లో వాడే యోహింబే అనే చెట్టు బెరడు బీపీని, గుండె దడను పెంచగలదు.

నాకు ఇంకా బాధ కలిగించేది వేరే ఉంది. అంగస్తంభన సమస్య షుగర్ వల్ల రావచ్చు, డిప్రెషన్ మందుల వల్ల రావచ్చు, గుండె రక్తనాళాలు పూడుకుపోతున్నాయనడానికి తొలి గుర్తూ కావచ్చు. రక్త పరీక్ష చేయించుకుంటే బయటపడే షుగర్‌ని వదిలేసి, సిగ్గుతో నెలల తరబడి ఈ మాత్రలు మింగుతారు. ఆ సిగ్గు మీదే వీళ్ల వ్యాపారమంతా! ఆడవాళ్లకి కోరిక తగ్గితే దానికీ ఓ పొడి సిద్ధం. ప్రసవమా, మెనోపాజా, నిద్ర లేదా, ఇంట్లో టెన్షనా అని అడిగే నాథుడు లేడు.

కనీసం లోపల ఏముందో డబ్బా మీద నిజం రాయండి. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ని అడగాలని కూడా అంతే పెద్ద అక్షరాల్లో వేయండి.