అపాత్ర జాలి

బెజవాడ వాళ్ళకు జాలి లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఎండాకాలం వస్తే మా ఊళ్ళో వీధికొక చలివేంద్రం, అందులో ఒక మజ్జిగ కుండ, ఆ కుండకు పదింతల ఫ్లెక్సీ వెలుస్తాయి. ఇంద్రకీలాద్రి మెట్లెక్కుతూ చిల్లర వేసుకుంటూ పోయేవాళ్ళను ఎప్పుడైనా చూడవచ్చు. కాబట్టి కరుణకు కొరత లేదు. కాకపోతే దాన్ని నీళ్ళలా పారబోయం. దానం పాత్రత చూసి చేయమన్నారు పెద్దలు. ఎంతసేపు చూడాలో చెప్పలేదు. అందుకని మేము చూస్తూనే ఉంటాం.

ఈ విద్యలో మా లబ్బీపేట అపార్ట్‌మెంట్‌కు మంచి అనుభవం ఉంది. అది వచ్చింది 2024 సెప్టెంబరు 1న, ఆదివారం. బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ మునిగాయి. ఆ మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఎగువనుంచి కొట్టుకొచ్చిన పడవలు బ్యారేజీ గేట్లకు తగులుకున్నాయి. (అవి ఏ పార్టీ పడవలన్న విషయం మీద ఊళ్ళో జరిగినంత చర్చ, మునిగిన వాళ్ళు ఏం తిన్నారన్న దాని మీద జరగలేదని కొందరు ఆక్షేపించారు. పడవలకు నోరు లేదు పాపం, వాటి తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి కదా.)

మా వీధిలో నీళ్ళు ఒక పూట నిలిచి పోయాయి. అయినా మా గుండె కరిగింది. ఇంటికి ఐదు వందల చొప్పున వేసుకుని మూడు వందల పులిహోర పొట్లాలు కట్టించాం. చింతపండు నానేలోపే ఫ్లెక్సీ వచ్చేసింది. అందులో మా కార్యదర్శిగారు చేతులు జోడించి ఉన్నారు, ఎవరికో మాత్రం తెలియదు.

ట్రాలీ ఆటోలో పొట్లాలు వేసుకుని సింగ్‌నగర్ ఫ్లైఓవర్‌కు బయలుదేరాం. దారిలో ఒక ముసలాయన చెయ్యెత్తాడు. పంచె మొలదాకా తడిసి కాళ్ళకు అతుక్కుపోయింది. పిక్కల మీద బురద ఎండి చెక్కు కట్టింది. చెప్పులు కాళ్ళకు లేవు, చేతిలో ఉన్నాయి.

"బాబూ, కాసిని మంచినీళ్ళుంటే ఇప్పించండి."

"ఇవి వరద బాధితులకు తాతా. ఫ్లైఓవర్ దగ్గరికి రా, అక్కడ పంచుతాం" అన్నారు కార్యదర్శిగారు.

"అక్కడి నుంచే నడిచి వస్తున్నాను బాబూ."

ఈ సమస్యకు మా దగ్గర సమాధానం లేదు. పైగా ఆలస్యమవుతోంది. అక్కడ బాధితులు ఎదురు చూస్తుంటారు. ఆటో కదిలింది.

మా కార్యదర్శిగారిని తప్పు పట్టేవాళ్ళు చదువుకోనివాళ్ళు. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో డార్లీ, బాట్సన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దైవవిద్య చదివే కుర్రవాళ్ళ మీద ఒక ప్రయోగం చేసి 1973లో ప్రకటించారు. పక్క భవనంలో ప్రసంగించాలని ఒక్కొక్కరినీ పంపారు. దారిలో ఒకడు వాకిలి దగ్గర కూలబడి మూలుగుతూ ఉంటాడు. తీరిగ్గా వెళ్ళినవాళ్ళలో 63 శాతం ఆగి ఏమైందని అడిగారు. ఆలస్యమైందని తొందరపెట్టి పంపిన వాళ్ళలో ఆగింది 10 శాతం. వాళ్ళలో సగం మంది ప్రసంగించబోయేది దేని గురించంటారా? దారిన పడి ఉన్నవాణ్ణి ఆదుకున్న మంచి సమరయుడి గురించి. అది నెమరువేసుకుంటూనే మూలిగేవాణ్ణి దాటుకుని పోయినవాళ్ళున్నారు. కాబట్టి లోపం మా కార్యదర్శిగారి గుండెలో లేదు, చేతి గడియారంలో ఉంది.

ఫ్లైఓవర్ దగ్గర అసలు పరీక్ష మొదలైంది. బాధితుడు ఎలా ఉండాలన్నది మాలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు, కానీ అందరికీ తెలుసు. బట్టలు చిరిగి ఉండాలి. కన్ను తడిగా ఉండాలి. రెండు చేతులూ చాచాలి, ఒక చెయ్యి చాచితే పొగరు. ఒకావిడ పొట్లం అందుకుని బావురుమంది. వెంటనే ఇంకోటి ఇచ్చాం. ఒక పిల్లవాడు తమ్ముడికంటూ రెండోసారి వస్తే, తమ్ముణ్ణి చూపించమన్నాం. ఆ తర్వాత ఛాతీ లోతు నీళ్ళలోంచి ఒకాయన వచ్చాడు. వేలికి ఉంగరం. "పాల ప్యాకెట్ ఉందా అండీ? డబ్బులిస్తాను" అన్నాడు. మా చేతులు వాటంతటవే వెనక్కి వచ్చాయి. డబ్బులిచ్చేవాడు బాధితుడెలా అవుతాడు? ఆయన ఇంట్లో పసిబిడ్డ ఉందేమో అన్న ఆలోచన నాకు ఆ రాత్రి పడుకున్నాక వచ్చింది. జాలి సాధారణంగా ఆ వేళకే వస్తుంది. అప్పుడైతే ఖర్చుండదు.

తిరుగు ప్రయాణంలో ఎవరో అననే అన్నారు: "అసలు వాగు పక్కన ఇళ్ళు ఎవరు కట్టుకోమన్నారండీ?" ఆటోలో అందరికీ ప్రాణం లేచి వచ్చింది. 1966లో మెల్విన్ లెర్నర్ అనే ఆయన ఇంకో ప్రయోగం ప్రకటించాడు. ఒకామెకు కరెంటు షాకులు కొడుతున్నట్టు నటించి చూపించారు. చూసేవాళ్ళకు ఆపే దారి లేనప్పుడు, చివరికి ఆమె మీదే తక్కువ అభిప్రాయం ఏర్పరచుకున్నారు. ఆమెలోనే ఏదో లోపం ఉందనుకుంటే లోకం సవ్యంగా ఉన్నట్టు, మనకేమీ కానట్టు. ఎంత హాయి! కృష్ణకూ బుడమేరుకూ నడుమ, మూడు కాలువల ఊళ్ళో, రోడ్డుకంటే ఆరడుగుల లోతున సెల్లారు తవ్వించి కార్లు పెట్టుకున్న మేము ఆ హాయిని ఇంటిదాకా అనుభవించాం. అంతకు ముందురోజు అదే సెల్లారులో చీలమండ లోతు నీళ్ళు చేరితే మా వాట్సాప్ గ్రూపులో నూట నలభై సందేశాలు వచ్చాయి. అన్నిటి సారాంశం ఒకటే: మనల్ని పట్టించుకునే నాథుడే లేడు.

ఇక మా ఇంట్లో గిన్నెలు తోమే ఆవిడ సంగతి. మరో మూడు ఇళ్ళు కూడా చేస్తుంది. కాపురం వాంబే కాలనీలో, కింది వాటా. పన్నెండు రోజులు రాలేదు. పదమూడో రోజు వచ్చి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, ఏమీ జరగనట్టు సింకు ముందు నిలబడింది. గోళ్ళ కింద నల్లగా బురద, ఎంత సబ్బు పెట్టినా పోవడం లేదట. మా ఆవిడ కళ్ళు తుడుచుకోవడానికి సిద్ధమై అడిగింది, "ఎలా ఉందే ఇల్లు?" అని.

ఆవిడ నవ్వింది. "ఫ్రిజ్జు పడవలాగా తేలిందమ్మా. మా చిన్నాడు దాని మీదెక్కి కూర్చుంటానని ఒకటే గోల."

మా ఆవిడ కొంగు దించేసింది. పక్క ఫ్లాట్లోనూ ఆవిడ ఇదే కథ ఇలాగే నవ్వుతూ చెప్పిందట. సాయంత్రానికి అపార్ట్‌మెంట్ అంతా ఒక మాట మీదికి వచ్చింది: అంత నష్టమేమీ అయినట్టు లేదు.

నెలాఖరుకు సమావేశం. విషయం: పన్నెండు రోజుల జీతం కోయాలా, వద్దా? ఒకరన్నారు, కోయకపోతే అలవాటవుతుందని. వరదలు అలవాటవుతాయా అని నేను అడగబోయి మానుకున్నాను. మా ఇంట్లోనూ తీర్మానం కాలేదు మరి. ఇంకొకరు లెక్క తీశారు: "ప్రభుత్వం మునిగిన కింది ఇళ్ళకు 25 వేలు ప్రకటించింది. మనం కూడా ఇస్తే ఆవిడకు వరద లాభసాటి అయిపోదూ?" పులిహోరకు ఐదు వందలు అడగకుండానే ఇచ్చిన చెయ్యి అది. తెలియని మూడు వందల మందికి ఒక పూట పెట్టడం సులువు. తెలిసిన ఒక్క మనిషికి పన్నెండు రోజులు ఇవ్వాలంటే లెక్క కావాలి.

చివరికి కార్యదర్శిగారు న్యాయంగా ఒక మార్గం సూచించారు. ఇల్లు నిజంగా ఏ మేరకు మునిగిందో ఫోటో ఒకటి చూపిస్తే, దాన్ని బట్టి నిర్ణయిద్దామని. అందరూ మెచ్చుకున్నారు. అడిగే బాధ్యత నాకు అప్పగించారు.

మర్నాడు పొద్దున్న అడిగాను. ఆవిడ గిన్నె బోర్లించి, తడి చేతులు చీరకు తుడుచుకుంది.

"చాలా తీశాడయ్యగారూ మా పెద్దోడు. అన్నీ ఫోనులోనే ఉన్నాయి. ఫోను నీళ్ళలో పోయింది."