ఇర్రం మంజిల్ తలుపులు తెరవాలి

ఖైరతాబాద్ నుంచి పంజాగుట్టకు రోజూ వెళ్లివచ్చే ఎందరికో ఇర్రం మంజిల్ అంటే ఒక మెట్రో స్టేషన్. ఆ పేరు గల అసలు భవనం దగ్గర్లోనే గుట్టమీద ఉంది. నిజాం ప్రభుత్వంలో మంత్రిగా పనిచేసిన నవాబు ఫఖ్రుల్ ముల్క్ కట్టించుకున్న నివాసమది. 150కి పైగా గదులు, గోడలపై ఐరోపా తరహా గచ్చు నగిషీలు, చుట్టూ గుర్రపుశాలలు, పోలో మైదానం, పశువుల పాక. ఒక అమీరు ఇంటి వైభవం ఎలా ఉండేదో నేటికీ చూపించగల భవనాలు హైదరాబాద్‌లో ఎన్నో మిగల్లేదు.

సంస్థానం భారతదేశంలో కలిశాక అది సర్కారు చేతికి వచ్చింది. కొంతకాలం దస్త్రాలు దాచారు, తర్వాత ఇంజినీర్ల కార్యాలయాలు నడిపారు. నవాబు ఇల్లు ప్రజల ఆస్తి అయిందన్న మాటేగానీ, ఆఫీసులో పనిపడినవారు తప్ప మిగతా నగరవాసులు దాని గడప తొక్కింది లేదు. లోపల ఏముందో తెలియని భవనం మీద మమకారం పెరగడం కష్టం. దాన్ని కూల్చేయవచ్చన్న ఆలోచన పాలకులకు అంత సులువుగా రావడానికి ఇదీ ఒక కారణమని మేం భావిస్తున్నాం.

2019 జూన్‌లో అక్కడే కొత్త అసెంబ్లీ కట్టాలని మంత్రివర్గం తీర్మానించింది. ఆ నెల 27న శంకుస్థాపన కూడా జరిగిపోయింది. చరిత్రకారులు, విద్యార్థులు, నవాబు వారసులు గొంతు విప్పారు. వివాదం హైకోర్టుకు చేరింది. సెప్టెంబర్ 16న ధర్మాసనం ఆ తీర్మానాన్ని కొట్టేసింది. ఆనాడు నిలబడ్డ ప్రతి ఒక్కరికీ నగరం రుణపడి ఉంది.

అయితే కూల్చవద్దన్న తీర్పు పైకప్పు కారకుండా ఆపలేదు. పాత భవనం పగలగొడితేనే పోతుందనుకోవద్దు. పట్టించుకోకపోయినా పోతుంది: వాననీరు గోడల్లోకి దిగుతుంది, పగుళ్లలో రావి మొలుస్తుంది, గచ్చు ఊడుతుంది. ఆ తర్వాత 'శిథిలమైంది, ప్రమాదకరం' అంటూ ఫైలు కదులుతుంది. నగరంలో ఎన్ని దేవిడీలు, అంటే నవాబుల పాత భవంతులు, ఈ దారిలోనే నేలమట్టమయ్యాయో పాతబస్తీవాసులకు బాగా తెలుసు.

యజమాని ప్రభుత్వమే గనుక బాధ్యతా ప్రభుత్వానిదే. వారసత్వ కట్టడాల నిపుణులతో భవనాన్ని పూర్తిగా పరీక్షించి ఆ నివేదికను బయటపెట్టాలి. మరమ్మతుల్లో సిమెంటు పూతలకు చోటివ్వకుండా సున్నపు పని తెలిసిన మేస్త్రీలను పిలవాలి. ఏటా బడ్జెట్లో ఇందుకు విడిగా పద్దు ఉండాలి. పని ముగిసేదాకా ఆగనక్కర్లేదు. భద్రమని తేలిన గదులను ముందుగా బడిపిల్లలకు, నగరవాసులకు చూపించవచ్చు.