ఎల్‌డీఎల్ 92... ఇంకేం కావాలి!

షుగరున్న మనిషి గుండెకు ఢోకా లేదని తేల్చే హక్కు నెల్లూరులో డాక్టరుకు లేదు. ఆ హక్కు ల్యాబు కాగితం మీద హద్దు దాటిన అంకెలకి వేసే లావక్షరాలది. పొగతోటలో పొద్దున రక్తమివ్వడం, సాయంత్రం రిపోర్టు అందుకోవడం, మెట్లు దిగకముందే చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ గడిలో లావక్షరాలున్నాయేమో వెతకడం, లేవని తేలగానే నేరుగా ట్రంకు రోడ్డుకెళ్లి నెయ్యి కారం దోసె చెప్పడం. ఇదీ ఇక్కడి ఆచారం. పెద్దలు పెట్టిన ఆచారాన్ని తప్పుబట్టడం మర్యాద కాదు కాబట్టి, దాన్ని శాస్త్రీయంగా సమర్థించడమే ఈ వ్యాసం పని.

ఉదాహరణకి ఒక రిపోర్టు చూద్దాం. యాభై దాటిన మనిషి, షుగరుతో పాటు బీపీ కూడా ఉంది. మొత్తం కొలెస్ట్రాల్ 178, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 34, రక్తంలో తిరిగే ఇంకో కొవ్వు ట్రైగ్లిజరైడ్లు 260, ఎల్‌డీఎల్ 92, అన్నీ డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో. ఎల్‌డీఎల్ పక్కనే ‘100 లోపు’ అని అచ్చేసి ఉంది. పాసే కదా! ఆ 100 అందరికీ కలిపి గీసిన గీత అనీ, నలభై దాటిన షుగరు మనిషికి బీపీయో పొగతాగే అలవాటో తోడైతే 70 లోపు ఉండాలనీ, ఒకసారి గుండెపోటు వచ్చినవాళ్లకైతే 55 లోపనీ సణిగేవాళ్లుంటారు. వాళ్లని పట్టించుకుంటే దోసె చల్లారిపోతుంది.

అసలు ఆ 92ని ఎవరూ కొలవలేదు. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్ అంటే లెక్క. మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేస్తారు, ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతు కూడా తీసేస్తారు. 178లోంచి 34, 52 పోతే మిగిలింది 92. ఇది 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే చెల్లదు. అంతకు చాలా ముందే, ముఖ్యంగా ఎల్‌డీఎల్ తక్కువగా ఉన్నవాళ్లలో, ఉన్నదానికన్నా తగ్గించి చూపిస్తుంది. అంటే ఒంట్లో వ్యవహారం చెడేకొద్దీ కాగితం మీద ముచ్చటగా కనబడుతుంది. ఇంత మొహమాటస్తుడైన సూత్రాన్ని వదులుకోమనడం అన్యాయం.

దీనికి పోటీగా నాన్-హెచ్‌డీఎల్ అని ఒకటుంది. మొత్తంలోంచి హెచ్‌డీఎల్‌ని మాత్రమే తీసేస్తే వచ్చేది. మన రిపోర్టులో 144. ఎల్‌డీఎల్ లక్ష్యానికి 30 కలిపితే దీని లక్ష్యం వస్తుంది, 70 లోపు ఉండాల్సినవాళ్లకి ఇది 100 లోపు. పరగడుపు అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు, రెండో తరగతి తీసివేత చాలు. ఊరికే వచ్చేదానికి విలువేముంటుంది? అందుకే ఎవరూ అడగరు.

ఇందుకూరుపేట వైపు ఏ చెరువు గట్టు మీదైనా కిలో రొయ్యల ధర అడిగి చూడండి. ‘ఎంత కౌంటు?’ అని ఎదురు ప్రశ్న వస్తుంది. కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. 30 కౌంటు కిలోకీ 100 కౌంటు కిలోకీ తూకం ఒక్కటే, లోపలున్న రొయ్యల లెక్క వేరు. ఎల్‌డీఎల్ 92 అనేది తూకం. ధమని గోడలోకి దూరేవి మాత్రం ఆ కొలెస్ట్రాల్‌ని మోసే రేణువులు. షుగరు మనిషి కాలేయం ఇన్సులిన్ మాట సరిగా వినక, ట్రైగ్లిజరైడ్లు నింపిన వీఎల్‌డీఎల్ అనే రేణువుల్ని రక్తంలోకి ఎడాపెడా వదులుతుంది. ఆ వీఎల్‌డీఎల్ తన సరుకుని ఎల్‌డీఎల్‌కీ హెచ్‌డీఎల్‌కీ అంటగట్టి, వాటి దగ్గరున్న కొలెస్ట్రాల్ లాక్కుంటుంది. తర్వాత ఆ సరుకు కరిగిపోయి ఎల్‌డీఎల్ చిన్నదై గట్టిపడుతుంది, హెచ్‌డీఎల్ తొందరగా ఖాళీ అయిపోతుంది. ఫలితంగా ట్రైగ్లిజరైడ్లు పైకి, హెచ్‌డీఎల్ కిందికి, ఎల్‌డీఎల్ తూకం మాత్రం ఎప్పటిలాగే. లోపల కౌంటు వందకు చేరిందని కాగితంలో ఎక్కడా ఉండదు. ఒక్కో రేణువు మీద అపోబీ అనే ప్రోటీన్ ఒక్కటే ఉంటుంది కాబట్టి, అపోబీ పరీక్ష చేస్తే కౌంటు బయటపడుతుంది. ముప్పు ఎక్కువున్నవాళ్లకి అది 80 లోపు ఉండాలంటారు. కౌంటు చెప్పకుండా కిలో రొయ్యలు కొనని మనిషి, సొంత రక్తం దగ్గర తూకంతో సరిపెట్టుకుంటాడంటే, ఎంత విశాల హృదయమో! (ఆ విశాలత్వం గుండెకి తీసే ఎకో స్కానులో కూడా కనబడే రోజొస్తుంది.)

ట్రైగ్లిజరైడ్ల 260 మాత్రం లావక్షరాల్లోనే ఉందిగా అంటారేమో. దానికి జవాబు తయారుగా ఉంది: ‘మొన్న పెళ్లిలో తిన్నాలే అబ్బయ్యా.’ నింద ఎప్పుడూ చేపల పులుసు మీదికే పోతుంది. పులుసులో కలుపుకున్న రెండు పళ్లేల తెల్లన్నం, పైన మలైకాజా, రాత్రి మందు, వీటి జోలికి ఎవరూ వెళ్లరు. ట్రైగ్లిజరైడ్లని పెంచేవి చేప ముక్కలు కావు, అవే. షుగరు అదుపు తప్పినా ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, థైరాయిడ్ మందగిస్తే మొత్తం కొలెస్ట్రాలే పెరుగుతుంది. ఆ రెండూ చూడకుండా కొవ్వు మాత్ర ఒక్కటే మార్చుకుంటూ పోవడం ఇంకో ఆచారం. పరీక్షకి మూడు రోజుల ముందు మొదలయ్యే జొన్నరొట్టె పథ్యానికి ట్రైగ్లిజరైడ్లు కొంత లొంగుతాయి. సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ లొంగదు, దానికి మూడు నెలల జ్ఞాపకం. ఇక నూనె ప్యాకెట్టు మీద ‘కొలెస్ట్రాల్ లేదు’ అన్న ముద్ర చూసి బజ్జీలు వేయించుకునేవాళ్లకి ఒక మాట: ఏ మొక్క నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు, సగానికి సగం సంతృప్త కొవ్వున్న పామాయిల్లో కూడా.

మాత్ర సంగతి. షుగరుండి అప్పటిదాకా గుండె జబ్బు రాని 2,838 మందితో బ్రిటన్, ఐర్లండ్‌లలో కార్డ్స్ అనే మందు ప్రయోగం చేశారు. ఎల్‌డీఎల్ మరీ ఎక్కువ లేనివాళ్లనే తీసుకున్నారు. రోజుకి 10 మిల్లీగ్రాముల అటోర్వాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్రతో గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ఘటనలు 37 శాతం తగ్గాయని 2004లో తేలింది. లాభం అంత స్పష్టంగా ఉండబట్టి ప్రయోగాన్ని అనుకున్నదానికన్నా ముందే ఆపేశారు. మనవాళ్లూ మాత్రని ముందే ఆపేస్తారు, కారణం మాత్రం వేరు: ‘నార్మల్ వచ్చిందిగా, ఇంకెందుకు?’ పని చేసినందుకు కూరలో కరివేపాకులా తీసి పక్కన పెడతారు. కొన్ని వారాల్లో అంకెలు మళ్లీ మొదటికొస్తాయి. మాత్ర వల్ల షుగరు కాస్త పెరుగుతుందన్న మాట నిజమే, గుండెకొచ్చే లాభం ముందు అది లెక్కలోది కాదు. కండరాలు నొప్పెడితే డాక్టరుతో చెప్పి మోతాదో మందో మార్పించుకోవాలి. మెడికల్ షాపు కుర్రాడితో మాట్లాడి మానేయడం ఇంకా సులువు, అందుకే అదే జరుగుతుంది. మోతాదు రెట్టింపు చేసినా ఎల్‌డీఎల్ తగ్గేది మరో 6 శాతమే, ఎజెటిమైబ్ అనే ఇంకో కొలెస్ట్రాల్ మందు తోడు చేస్తే ఇంచుమించు 20 శాతం. మందు మార్చాక 4 నుంచి 12 వారాల్లో మళ్లీ పరీక్ష చేయించాలి. మళ్లీ ఏడాదికి కలుద్దామనుకునేవాళ్లకి ఈ వాక్యం వర్తించదు.

చివరిగా గ్యాసు. ఏళ్ల తరబడి షుగరున్నవాళ్లలో నరాలు దెబ్బతిని, గుండెపోటు వచ్చినా ఛాతీ నొప్పి తెలియకపోవచ్చు. ఉన్నట్టుండి చెమటలు, ఆయాసం, వాంతి వచ్చేట్టుండటం, దవడ లాగడం, అంతే. ఆరు నెలల కిందటి ఈసీజీ నార్మల్ గనక ఇది గ్యాసేనని ఇంటిల్లిపాదీ ఏకగ్రీవంగా తీర్మానిస్తారు. ముందు ఒక సోడా. తగ్గకపోతే నిమ్మకాయ పిండిన సోడా. 108కి ఫోను మూడో సోడా తర్వాతే.