సవరణ: కెర్నల్‌లోనే ఉన్న ఐపీవీ6కు బ్లాక్‌లిస్ట్ పనిచేయదు

తిరుపతి కాలేజీ ల్యాబుల ఉబుంటు సిస్టమ్‌ల కోసం పెట్టిన పోస్టులో, ఐపీవీ6 (ఇంటర్నెట్ అడ్రసుల కొత్త పద్ధతి) ఆపడానికి మోడ్‌ప్రోబ్ (మాడ్యూళ్లను లోడ్ చేసే టూల్) ఫోల్డర్‌లో బ్లాక్‌లిస్ట్ లైను, అంటే 'దీన్ని లోడ్ చేయొద్దు' అనే లైను, రాయమన్నాం. అది విడి మాడ్యూల్‌కే, అంటే కెర్నల్‌కు (సిస్టమ్‌ను నడిపే మూల ప్రోగ్రామ్) విడిగా లోడ్ అయ్యే భాగానికే, వర్తిస్తుంది. బూట్ ఫోల్డర్‌లోని కాన్ఫిగ్ ఫైలు తెరిచి చూడండి: కాన్ఫిగ్_ఐపీవీ6 పక్కన 'ఎం' ఉంటే మాడ్యూల్, 'వై' ఉంటే కెర్నల్‌లోనే కలిసి ఉన్నట్టు. ఉబుంటులో ఉండేది 'వై'. మోడ్‌ప్రోబ్ లోడ్ చేసేదే లేనప్పుడు ఇక ఆపేదేముంది?

గ్రబ్ (కెర్నల్‌ను బూట్ చేసే ప్రోగ్రామ్) డిఫాల్ట్ ఫైల్లో కెర్నల్ కమాండ్‌లైన్‌కు 'ఐపీవీ6.డిజేబుల్=1' చేర్చి, అప్‌డేట్-గ్రబ్ కొట్టి రీబూట్ చేయండి. ఒక్క చిక్కుంది. ఎంజినెక్స్ వెబ్ సర్వర్ డిఫాల్ట్ సైట్‌లో '[::]:80' లైను (ఐపీవీ6లో 80 పోర్టు తెరవమనేది) ఉంటే, ఐపీవీ6 సాకెట్ దొరక్క సర్వరే లేవదు. ఆ లైను తీసేయాలి. లేదంటే 'ఐపీవీ6.డిజేబుల్_ఐపీవీ6=1' వాడండి; వెబ్ సర్వర్లున్న మెషీన్లకు ఇదే మేలు. ప్రోటోకాల్ ఉంటుంది, ఇంటర్‌ఫేస్‌లకు అడ్రసులు మాత్రం రావు.