నాడి తగులుతుంటే అల్ట్రాసౌండ్ ఎందుకంటారా?

“గజ్జల్లో నాడి వేలికి తగిలితే చాలు. ఫెమోరల్ ఆర్టరీలో సూది దించడానికి అల్ట్రాసౌండ్ పెడితే టైమ్ వృథా. చెయ్యి తిరిగినవాళ్లకు దాంతో పనిలేదు. ట్రయల్స్‌లోనూ తేడా కనబడలేదు.” యాంజియోగ్రామ్ లాంటి పరీక్షలకు గజ్జల దగ్గర తొడ ధమనిలో (అదే ఫెమోరల్ ఆర్టరీ) సూది దించే డాక్టర్ల మధ్య బాగా తిరుగుతున్న వాదన ఇది.

ముందు నాడి సంగతి. ధమని ఉందని వేలు చెబుతుంది, అది ఎక్కడ రెండుగా చీలిందో చెప్పదు. సూది దిగాల్సింది చీలికకు పైన, తొడ ఎముక తలకు ఎదురుగా ఉన్న కామన్ ఫెమోరల్ భాగంలో. షీత్ (ధమనిలో పెట్టే సన్నని గొట్టం) తీశాక నొక్కిపట్టడానికి వెనక ఎముక ఆసరా ఉండేది అక్కడే. మరీ పైన గుచ్చితే రక్తం కడుపు వెనక భాగంలోకి చేరుతుంది, బీపీ పడిపోయేదాకా ఎవరికీ తెలియకపోవచ్చు. చీలిక కింద గుచ్చితే సూడోఅన్యూరిజం (ధమని నుంచి కారిన రక్తం పక్కన ఉబ్బులా చేరడం), ఏవీ ఫిస్టులా (ధమనికీ సిరకూ మధ్య దారి పడటం) భయం. పోనీ గజ్జల మడతను గుర్తుగా పెట్టుకుందామంటే, లావుగా ఉన్నవాళ్లలో అది కిందికి జారి ఉంటుంది. షాక్‌లో ఉన్న పేషెంటుకు నాడే సరిగా అందదు. అల్ట్రాసౌండ్ ప్రోబ్ పెడితే చీలిక కనిపిస్తుంది, ముందు గోడ మీద కాల్షియం కనిపిస్తుంది, నొక్కితే అణిగిపోయేది సిర అని తేలిపోతుంది.

టైమ్ వృథా అన్నది అసలు నిలవదు. 2010లో వచ్చిన ఫౌస్ట్ (FAUST) ట్రయల్‌లో 1,004 మంది ఉన్నారు. సూది దించడానికి పట్టిన మధ్యస్థ సమయం అల్ట్రాసౌండ్‌తో 136 సెకన్లు, ఫ్లోరోస్కోపీతో 148. గమనించండి, అవతల ఉన్నది ఉత్త వేలి అంచనా కూడా కాదు, ఎక్స్‌రే సాయం.

అనుభవం? అది చీలికను కిందికి జరపలేదు. అదే ట్రయల్‌లో, చీలిక పైకి ఉన్నవాళ్లలో సరైన చోట షీత్ పడింది అల్ట్రాసౌండ్‌తో 82.6 శాతం, లేకుండా 69.8 శాతం. ఒక్కటి ఒప్పుకోవాలి: సూది మొన స్క్రీన్ మీద కనబడకుండా గుచ్చేవాళ్లకు ప్రోబ్ వట్టి అలంకారమే.

ట్రయల్స్ మాటలో మాత్రం సగం నిజముంది. ఫౌస్ట్‌లో మొత్తం పేషెంట్లను తీసుకుంటే, సరైన చోట షీత్ పడటమన్న ప్రధాన ఫలితంలో స్పష్టమైన తేడా రాలేదు. 2022 నాటి యూనివర్సల్ (UNIVERSAL) ట్రయల్‌లో, 621 మందిలో, పెద్ద రక్తస్రావం లేదా రక్తనాళ సమస్యలు అల్ట్రాసౌండ్‌తో 12.9 శాతం, లేకుండా 16.1 శాతం, ఆ తేడా గణాంకపరంగా నిలబడలేదు. కానీ అదే ట్రయల్‌లో మొదటి ప్రయత్నంలోనే ధమని దొరికింది 86.6 శాతం మందికి, అవతల 70 శాతానికి. పొరపాటున సిరలో గుచ్చడం 11.7 నుంచి 3.1 శాతానికి దిగింది. ఈ అంకెలు ఆ వాదనలో ఎక్కడా కనబడవు.

మెషిన్ అందుబాటులో లేక, పేషెంటు చేజారిపోతుంటే వేలినే నమ్ముకోవాలి, అందులో వాదన లేదు. ప్రోబ్ పక్కనే ఉన్నా వద్దనడంతోనే నా పేచీ.