మునగడానికి చోటు కావాలి

స్కూబా డైవింగ్ కోసం అండమాన్ దాకా పోయి డబ్బులు తగలేసుకుంటున్న మన పిల్లల బాధ చూడలేక, ఆ వసతి ఓరుగల్లులోనే కల్పించాలని ఈ కాలమ్ గట్టిగా డిమాండ్ చేస్తోంది. కాకతీయులు గొలుసుకట్టు చెరువులు తవ్వించింది వరి పండించడానికని చరిత్రకారులు చెప్తారు. వాళ్లకు టూరిజం మీద అవగాహన తక్కువ.

మొదటి మెట్టు శిక్షణ అయినవాళ్లు 18 మీటర్ల లోతు దాటొద్దంటారు. మన ఊరి చెరువుల్లో ఆ రూలు తప్పడం ఎవరి తరమూ కాదు, పూడిక అంత పకడ్బందీగా కాపలా కాస్తోంది. చాలాచోట్ల డైవర్ నిలబడితే నీళ్లు నడుము దాకా వస్తాయి. భద్రతలో మాల్దీవులు మన ముందు దిగదుడుపే.

నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో తెలియడానికి నలుపు తెలుపు పళ్లెం ఒకటి తాడు కట్టి దించుతారు. అది కనపడకుండా పోయిన లోతే లెక్క. మన దగ్గర పళ్లెం నీళ్ల దాకా పోదు, గుర్రపు డెక్క మీదే ఆగిపోతుంది. 'పళ్లెం ఇంకా కనపడుతూనే ఉన్నది' అని రిపోర్టు రాసి సంతకం పెట్టొచ్చు.

లోపల చూడ్డానికి ఏముందంటారా? పగడపు దిబ్బలు లేకపోతేనేం, నిమజ్జనమైన వినాయకుల ఇనుప చువ్వలున్నాయి. ఏటా కొత్త స్టాకు. పాఖాల చెరువులో మొసళ్లున్నాయి కాబట్టి అక్కడ ఫీజు ముందే వసూలు చేయాలి. తెరిచిన తూము దగ్గరికి పోతే నీటి గుంజుడుకు మనిషి అతుక్కుపోతాడన్నది నిజమే. ఆ మాట టికెట్ వెనక చిన్న అక్షరాల్లో వేద్దాం.

2024 చివర్లో పూడిక తీయడానికి భద్రకాళి చెరువును ఖాళీ చేసినప్పుడు, సిలిండర్ ఖర్చు లేకుండానే అడుగంతా చూసే అవకాశం వచ్చింది. టూరిస్టు ఒక్కడు రాలేదు.

అసలు లోతు కావాలంటే మాత్రం కాలనీలకు పోవాలి. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అదే వారంలో వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగాయి, భద్రకాళి కట్టకు గండి పడింది. నీళ్లు దారి తప్పాయని చాలామంది తిట్టారు. పాపం, శిఖం భూమిలో, అంటే చెరువు నీళ్లు నిలిచే జాగాలో, ప్లాట్లు కొట్టినవాళ్లు వాటికి కబురు పెట్టలేదు. అవి అలవాటు కొద్దీ ఇంటికొచ్చాయి. బయటి దేశాల్లో డైవర్లు మునిగిన ఓడలు వెతుక్కుంటూ సముద్రాలు గాలిస్తారు. ఇక్కడ కార్లు, ఫ్రిజ్‌లు, సోఫాలు, గేటుకు 'కుక్క ఉన్నది జాగ్రత్త' బోర్డు, అన్నీ ఒకే వీధిలో.

కాబట్టి డైవింగ్ సెంటర్‌కు చెరువు కట్ట మీద జాగా అడగడం దండగ. ఏదైనా లేఅవుట్‌లో రెండో అంతస్తు కిరాయికి తీసుకుంటే సరిపోతుంది. 'లేక్ వ్యూ' అని బ్రోచర్‌లో ముందే ఉంటుంది. ఎఫ్‌టీఎల్ రాయి, అదే చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు రాయి, ఎక్కడుందని మాత్రం ఓనరును అడగొద్దు, హాల్లోనే ఉందని తెలిస్తే కిరాయి పెంచుతాడు.